పద్నాలుగో బోల్టు

లిఫ్ట్ మీదికెత్తిన కారు కింద నిలబడి ఆయన బోల్టులు లెక్కపెడుతున్నాడు. స్క్రూడ్రైవర్ కొసతో ఒక్కో తల తాకుతూ, పెదాలు కదిపీ కదపకుండా, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగాడు. నమ్మకం కుదరక మళ్లీ ఒక చుట్టు తిరిగాడు.

"పదమూడే ఉన్నయ్. గిది గీ బండి డబ్బా కాదు తమ్మీ" అన్నాడు.

బండి 1967 నాటి షెవర్లే ఇంపాలా. బారెడు ముక్కు, అంతకు తగ్గ తోక. యజమాని ఇక్కడి అరబ్బు. తన కారులో ప్రతి మరా కంపెనీ నుంచి వచ్చిందేనని ఆయన గట్టి నమ్మకం. ఆయిల్ కారుతోందని, ప్యాకింగ్ మార్చమని వదిలి వెళ్లాడు. జగిత్యాల వైపు నుంచి ముప్పయ్యేళ్ల కిందట వచ్చిన ఈ పెద్దాయన, ప్యాకింగ్ మార్చేలోపే నమ్మకం సంగతి తేల్చేశాడు. ఆ ముక్క యజమానికి ఎలా చెప్పాలన్నదే ఇప్పుడాయన దిగులు.

ఆ శుక్రవారం నేను బర్వా అల్ బరాహాకు వెళ్లింది కార్ల కోసం కాదు, ఊరివాళ్లను పలకరించడానికి. దోహా నగరం నైరుతి అంచున, మనవాళ్లంతా 'సనయ్యా' అని పిలుచుకునే ఇండస్ట్రియల్ ఏరియాను ఆనుకుని ఉంటుందిది. బర్వా కంపెనీ కట్టిన కార్మిక పట్టణం. వరుసగా ఒకే రకం భవనాలు, లారీలు నిలిపే పెద్ద మైదానం, గోదాములు, వర్క్‌షాపులు. గల్ఫ్ అరబ్బీలో బరాహా అంటే పేటలో ఇళ్ల నడుమ వదిలిన ఖాళీ జాగా, పిల్లలు ఆడుకునేది, పెద్దలు కూర్చునేది. పాత దోహాలో అలాంటివి ఉండేవి. ఇప్పుడా పేరున్న చోట సాయంత్రమైతే తెలుగు, బెంగాలీ, నేపాలీ, మలయాళం కలగలిసి వినిపిస్తాయి. ఒకందుకు పేరు సరిపోయిందనే అనిపిస్తుంది.

'అసలు' మాట దగ్గర కాసేపు ఆగాలి. యజమాని తన కారును 'అస్లీ' అంటాడు. మన పెద్దాయన 'అసల్ది' అంటాడు. రెండూ ఒకటే. అరబ్బీలో వేరు, మూలం అనే అర్థమున్న 'అస్ల్' పారశీకం, ఉర్దూల మీదుగా మన ఊళ్లకొచ్చి వడ్డీ పక్కన అసలై కూర్చుంది. 'నకలు'దీ అదే దారి. తహసీల్దారు ఆఫీసులో మనం తీసుకునే నకలుకు మూలమైన అరబ్బీ 'నఖ్ల్'కు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం అని అర్థం. చిత్రమేమిటంటే, కారు ట్రాన్స్‌మిషన్‌కు అరబ్బీ పుస్తకాల్లో ఉండే పేరు 'నాఖిల్ అల్ హరకా'. హరకత్‌ను, అంటే కదలికను, చేరవేసేది. షెడ్డుల్లో మాత్రం ఎవరూ అంత పొడుగు పేరు వాడరు, 'గేర్' అంటే చాలు. కానీ పుస్తకం పేరు ప్రకారం పాత కారులో గేర్ బాక్సు అసలుదా, నకలుదా అని అడిగితే, నకలుకు చుట్టమైన మాటనే నిలదీసినట్టు.

పదమూడుకు, పద్నాలుగుకు తేడా ఏమిటని అడిగాను. ఆయన లైటు పైకి పట్టాడు.

1967లో ఇంపాలాను ఆటోమేటిక్ కావాలని కొన్నవాళ్లకు కంపెనీ ఇచ్చినవి రెండే. పెద్ద ఇంజన్లకు టర్బో హైడ్రా-మాటిక్ 400. మిగతా చాలావాటికి పవర్‌గ్లైడ్, రెండే గేర్ల పెట్టె. పవర్‌గ్లైడ్ అడుగున ఆయిల్ పాన్ దీర్ఘచతురస్రం, దానికి 14 బోల్టులు. 400కు 13 బోల్టులే గానీ, పాన్ ఆకారం ఏదో దేశపటంలా వంకరటింకరగా ఉంటుంది. ఈ బండి కింద ఉన్నది చతురస్రం, ఒక మూల కత్తితో కోసినట్టుంది. బోల్టులు 13. కార్బురేటర్ నుంచి ఒక తీగ కేబుల్ దిగి పెట్టె పక్కకు చేరుతోంది. 400కైతే ఆ పని కరెంటు వైరు చేస్తుంది. మూడూ కలిపితే వచ్చే పేరు ఒకటే, టర్బో హైడ్రా-మాటిక్ 350. ఆ పెట్టె మొదట వచ్చింది 1969 మోడల్ కార్లలో. 1967లో తయారైన కారులోకి కంపెనీ దాన్ని ఎక్కించే వీల్లేదు. అప్పటికది లేదు.

"బోల్టులొక్కటే లెక్కపెడ్తె మోసపోతం. మూల సూడాలె" అన్నాడు ఆయన. నిజమే. క్రైస్లర్ వాళ్ల టార్క్‌ఫ్లైట్‌లో చిన్నదానికీ పెద్దదానికీ కూడా 14 బోల్టులే. ఫోర్డు సీ4కు 11, సీ6కు 17. జనరల్ మోటార్స్ 1982 నుంచి వాడిన నాలుగు గేర్ల 700ఆర్4కు 16. ఈ అంకెలు కంఠతా వచ్చినవాళ్లు సనయ్యా గల్లీల్లో ఎందరో ఉంటారు. చదివిన పుస్తకం ఏదీ ఉండదు.

తర్వాత డ్రైవరు తలుపు తీసి స్టీరింగ్ వెనకాల సూది చూపించాడు. పి, ఆర్, ఎన్, డి, ఎల్. 'డి' తర్వాత ఒక్క 'ఎల్' మాత్రమే ఉంది. అంటే ఈ కారు కంపెనీ గేటు దాటింది రెండు గేర్లతో. మూడు గేర్ల పెట్టెకైతే 'డి' తర్వాత రెండు స్థానాలుండాలి. పెట్టె మార్చినవాడు కింద పని పూర్తి చేశాడు గానీ, పైన అక్షరాలు మార్చడం మర్చిపోయాడు, లేదా అక్కర్లేదనుకున్నాడు. దొంగ ఇంటి పేరు మార్చుకుని చెవిపోగు మార్చుకోనట్టు.

ఎందుకు మార్చి ఉంటాడన్నది పెద్ద రహస్యం కాదు. పవర్‌గ్లైడ్ మొండిది, తొందరగా చెడదు, కానీ బద్ధకం. 350 మూడో గేరు ఇస్తుంది. రెండూ ఒకే ఇంజన్ వెనక ఒకే రంధ్రాల్లో కూర్చుంటాయి. ఒక పూట పని.

ఇంతకీ ఈ ఆటోమేటిక్ కథ కార్ల దగ్గర మొదలవలేదు. ఓడల దగ్గర మొదలైంది. 1905లో జర్మనీలోని స్టెట్టిన్ రేవులో వల్కన్ ఓడల కంపెనీలో పనిచేసే హెర్మన్ ఫొట్టింగర్‌కు ఒక చిక్కు వచ్చింది. ఆవిరి టర్బైన్ చాలా వేగంగా తిరుగుతుంది, ఓడ పంకా నెమ్మదిగా తిరగాలి. రెంటినీ ఇనుముతో బిగించే బదులు మధ్యలో ద్రవం పెట్టాడు. మజ్జిగ కుండలో ఒక కవ్వాన్ని తిప్పుతుంటే, అదే కుండలో ఊరికే నిలబెట్టిన రెండో కవ్వం కూడా కాసేపటికి తిరగడం మొదలుపెడుతుంది. రెంటికీ ముడి లేదు, మధ్యలో ఉన్నది మజ్జిగే. ఫ్లూయిడ్ కప్లింగ్ అంటే అంతే, మజ్జిగకు బదులు నూనె. ఆ రెండు రెక్కల చక్రాల మధ్య మూడో చక్రం పెట్టి, తిరిగొచ్చే నూనెను మళ్లీ తోసే వైపుకు మళ్లిస్తే బలం కూడా పెరుగుతుంది. దాన్ని టార్క్ కన్వర్టర్ అన్నారు. కారు ఆగి ఉన్నా ఇంజన్ ఆగిపోకుండా ఉండేది ఈ నూనె జారుడు వల్లే. క్లచ్ పెడల్ అక్కర్లేకుండా పోయిందీ దానివల్లే.

గేర్లు మార్చడానికి ఇంకో సరంజామా ఉంది. నడుమ సూర్యుడిలా ఒక పళ్ల చక్రం, దాని చుట్టూ తిరిగే గ్రహాల్లా చిన్న చక్రాలు, అన్నిటినీ చుట్టిన వలయం. వీటిలో ఏదో ఒకదాన్ని పట్టి ఆపితే మిగిలినవి వేరే వేగంతో తిరుగుతాయి. పట్టి ఆపడానికి బ్యాండ్లు, క్లచ్ ప్లేట్లు, వాటిని నొక్కడానికి నూనె ఒత్తిడి. ఫోర్డు మోడల్ టీలో ఈ గ్రహ చక్రాలు 1908 నుంచే ఉన్నాయి, కానీ కాళ్లతో తొక్కాలి.

నూనె కప్లింగ్‌నూ గ్రహ చక్రాలనూ కలిపి జనం కొనగలిగేలా అమ్మింది జనరల్ మోటార్స్. పని నడిపించినవాడు ఎర్ల్ థాంప్సన్. అంతకుముందు 1928లో క్యాడిలాక్‌లో వచ్చిన సింక్రోమెష్ కూడా ఆయనదే. గేర్లు కరకరలాడకుండా పడే పద్ధతి అది. చేతి గేరును మెత్తబరిచిన మనిషే చివరికి చేతి గేరును తీసేశాడన్నమాట. 1939 చివర్లో, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబిల్‌తో హైడ్రా-మాటిక్ బయటికొచ్చింది. నాలుగు గేర్లు, అదనంగా 57 డాలర్లు. రెండేళ్లు తిరిగేసరికి యుద్ధం. అదే పెట్టె రెండు క్యాడిలాక్ ఇంజన్ల వెనక ఎం5 స్టూవర్ట్ ట్యాంకుల్లోకి వెళ్లింది. కార్లు తోలడం సరిగ్గా రాని కుర్రాళ్లు కూడా ట్యాంకు నడపగలిగారు. యుద్ధం ముగిశాక కంపెనీ ఆ సంగతి చెప్పి మరీ కార్లమ్మింది.

కతర్‌లో ఆ రోజుల్లో కార్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ముత్యాల వ్యాపారాన్ని జపాన్ పెంపుడు ముత్యాలు 1930ల్లో కూల్చేశాయి. దుఖాన్‌లో చమురు పడినా, యుద్ధం అడ్డొచ్చి మొదటి ఎగుమతి 1949 డిసెంబరు 31 దాకా ఆగింది. అమెరికా పెద్ద కార్లు ఈ ఇసుకలోకి ధారగా వచ్చింది ఆ తర్వాతే. అప్పటికి అమెరికాలో ఆటోమేటిక్ మామూలైపోయింది. బ్యూక్ 1948లో టార్క్ కన్వర్టర్‌తో డైనాఫ్లో తెచ్చింది. షెవర్లే 1950లో పవర్‌గ్లైడ్‌తో చవక కారులోకి కూడా ఆటోమేటిక్‌ను దించింది. గల్ఫ్‌లో చాలామంది క్లచ్ ఎరగకుండానే డ్రైవింగ్ నేర్చుకున్నారు. మనవాళ్ల కథ తిరగేసి ఉంటుంది. అంబాసిడర్ స్టీరింగ్ కింది గేరు రాడ్డుతో, లారీ క్లచ్‌తో మోకాలు అరగదీసుకుని ఇక్కడికొచ్చి, ఎడమ కాలికి పనిలేక మొదటి నెలంతా గాలిలో పెడల్ తొక్కినవాళ్లు బర్వా అల్ బరాహాలో బ్లాకుకొకరు దొరుకుతారు.

పాత కార్ల వేటగాళ్లకు ముచ్చెమటలు పోయించే కథ 1953 నాటిది. ఆగస్టు 12న మిషిగన్ రాష్ట్రం లివోనియాలోని హైడ్రా-మాటిక్ ఫ్యాక్టరీలో వెల్డింగ్ నిప్పురవ్వ పడి తుప్పు నివారణ ద్రవం అంటుకుంది. మధ్యాహ్నం మొదలైన మంట మొత్తం ఫ్యాక్టరీని మింగేసింది. కప్పు వేడికి వంగి కుప్పకూలింది. అప్పటిదాకా అమెరికా పరిశ్రమలు చూసిన అగ్నిప్రమాదాల్లో అతి ఖరీదైనది అదేనంటారు. జనరల్ మోటార్స్ వాళ్ల ఓల్డ్స్‌మొబిల్, క్యాడిలాక్, పాంటియాక్ మూడూ ఆ ఒక్క ఫ్యాక్టరీ మీదే ఆధారపడి ఉన్నాయి. వాటితోపాటు పోటీ కంపెనీ లింకన్ కూడా. ఆటోమేటిక్ పెట్టె సొంతంగా చేసుకోవడం కన్నా శత్రువు దగ్గర కొనడమే నయమనుకున్న రోజులవి.

జనరల్ మోటార్స్ రెండు పనులు చేసింది. యుద్ధకాలంలో ఫోర్డు బీ-24 బాంబర్ విమానాలు కట్టిన విల్లో రన్ షెడ్డు అప్పుడు కైజర్ కంపెనీ చేతిలో ఉంది. దాన్ని తీసుకుని మూడు నెలలు తిరగకుండానే మళ్లీ పెట్టెలు చేయడం మొదలుపెట్టింది. ఈలోపు కార్లు ఆగకూడదు కదా. ఓల్డ్స్‌మొబిల్, క్యాడిలాక్‌లకు బ్యూక్ వాళ్ల డైనాఫ్లో బిగించింది. పాంటియాక్‌కు షెవర్లే పవర్‌గ్లైడ్ పెట్టింది.

దాంతో 1953 చివరి నెలల్లో వేల కార్లు పక్కింటి గేర్ బాక్సుతో పుట్టాయి. ఇవాళ ఎవరైనా 1953 క్యాడిలాక్ కొని, కింద బ్యూక్ పెట్టె చూసి 'అయ్యో, ఎవడో మార్చేశాడు' అనుకుంటే ఆశ్చర్యం లేదు. ఉత్సాహం ఎక్కువైతే దాన్ని పీకి, ఎక్కడో వెతికి హైడ్రా-మాటిక్ తెచ్చి బిగించి, 'ఇప్పుడు అసలుదైంది' అని సంతోషపడతాడు కూడా. అతను చేసింది అచ్చంగా దానికి విరుద్ధం. అసలును తీసి నకలు పెట్టాడు. చూపుకు సరిగ్గా ఉన్నది తప్పు కావొచ్చు, తప్పుగా కనిపించేది కంపెనీ చేతిదే కావొచ్చు. ఒక మంట సంగతి తెలియకపోతే ఇంత తేడా వస్తుంది.

ఆనవాలు పట్టడానికి ఇక్కడా అక్షరాలే సాయం. అప్పటి హైడ్రా-మాటిక్ వరుసలో 'పి' అన్నదే లేదు. ఎన్, డిఆర్, ఎల్ఓ, ఆర్ అని ఉండేది. బండి నిలపాలంటే ఇంజన్ ఆపి రివర్సులో వేస్తే చక్రాలు బిగిసేవి. డైనాఫ్లోకు 'పి' ఉంది. పి, ఎన్, డి, ఎల్, ఆర్ అని దాని వరుస. నడిపినా తెలుస్తుంది. హైడ్రా-మాటిక్ నాలుగు మెట్లూ వెన్నుకు తెలిసేలా ఎక్కుతుంది. డైనాఫ్లోలో మెట్టన్నదే తెలియదు. మెత్తగా, పెట్రోలు తాగుతూ సాగుతుంది.

ఆ పాత వరుసల్లో లో గేరు, రివర్స్ పక్కపక్కనే. ఒక్క అంగుళం చెయ్యి జారితే ముందుకు పోవాల్సిన బండి వెనక్కి పోయేది. క్రైస్లర్ అయితే 1956 నుంచి 1964 దాకా లివరే తీసేసి, రేడియోకున్నట్టు బటన్లు పెట్టింది. 1968 నుంచి అమెరికా నిబంధన ఒకటి వచ్చింది. ముందుకు వెళ్లే గేర్లకూ, రివర్స్‌కూ మధ్య న్యూట్రల్ ఉండి తీరాలని. ఇవాళ లోకమంతా పాటిస్తున్న పి, ఆర్, ఎన్, డి వరుస అలా గట్టిపడింది. కాబట్టి అక్షరాల వరుస చూసి కారు వయసు చెప్పొచ్చు, ఎద్దుకు పళ్లు చూసి చెప్పినట్టు.

ఈ అక్షరాలేవీ పుట్టకముందు కారు చూడాలంటే, మన హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు పచ్చ రంగు రోల్స్ రాయిస్ ఒకటుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ సింహాసనం లాంటి ఆసనం పెట్టి చేయించమన్న సిల్వర్ ఘోస్ట్. 1911లో ఆయన పోయాక వచ్చింది. ఏడో నిజాం వాడుకున్నాడు, అదీ చాలా కొద్దిగా. ఆ కాలపు గేర్లకు సింక్రోమెష్ లేదు. గేరు మార్చాలంటే డ్రైవరు రెండుసార్లు క్లచ్ తొక్కి, ఇంజన్ వేగాన్ని చెవితో అంచనా వేసి, సరిగ్గా ఆ క్షణానికి రాడ్డు తొయ్యాలి. పొరపాటు చేస్తే లోపల పళ్లు కొరుక్కుంటాయి. వెనక నిజాం కూర్చుని ఉండగా ఆ చప్పుడు వినిపించడం ఏ డ్రైవరూ కోరుకునేది కాదు.

అంతటి రోల్స్ రాయిస్ కూడా నలభై ఏళ్ల తర్వాత ఆటోమేటిక్ కావాల్సి వచ్చినప్పుడు సొంతంగా చేయలేదు. జనరల్ మోటార్స్ హైడ్రా-మాటిక్‌నే తీసుకుని, తర్వాత లైసెన్సు మీద ఇంగ్లండ్‌లో తానే తయారు చేసుకుంది. అసలు తిరకాసు 1965లో వచ్చిన సిల్వర్ షాడోది. స్టీరింగ్ ఎడమ వైపున్న ఎగుమతి కార్లకు మొదటి నుంచీ మూడు గేర్ల టర్బో హైడ్రా-మాటిక్ 400 ఇచ్చారు. కుడి వైపు స్టీరింగ్ కార్లకు 1968 దాకా పాత నాలుగు గేర్ల పెట్టే. ఒకే ఏడాది, ఒకే ఫ్యాక్టరీ, ఒకే పేరు. గల్ఫ్ బండికి మూడు గేర్లు, మన దేశపు బండికి నాలుగు. హైదరాబాద్ మెకానిక్ కరెక్టన్నది దోహాలో తప్పు. ఏ వైపు కూర్చుని నడుపుతారో అడగకుండా ఏది అసలుదో చెప్పలేం.

జర్మన్ బెంజ్‌లతో ఇంత గొడవ లేదు. ఆయిల్ పాన్ పై అంచు దగ్గర 722తో మొదలయ్యే అంకె పొడిచి ఉంటుంది. చుక్క తర్వాతి అంకెలు రకాన్ని చెబుతాయి. ఆపైన వరుస సంఖ్య. కంపెనీ డేటా కార్డులో ఇంజన్ నంబరు పక్కనే గేర్ బాక్సు నంబరు. పోల్చుకుంటే సరి, కథ అయిపోతుంది. టొయోటా ల్యాండ్ క్రూజర్ 40 సిరీస్‌తో ఇంకా తేలిక. పాత ఎడారి బండ్లలో గల్ఫ్ వాళ్లకు అంత ఇష్టమైనది ఇంకోటి లేదు. కంపెనీ దానికి ఆటోమేటిక్ ఇవ్వనే లేదు. అలాంటిది కనిపిస్తే తర్వాత ఎవరో బిగించిందే.

అమెరికా కార్లకు కాగితాలే దిక్కు. చాసిస్ నంబరులో గేర్ బాక్సు సంగతి ఉండదు. 1965 నుంచి 1972 దాకా షెవర్లే కొన్నవాళ్లకు వారంటీ పుస్తకంలో చిన్న రేకు బిళ్ల అతికించి ఇచ్చేవారు. ఇంజన్, గేర్ బాక్సు కోడులు దాని మీద ఉబ్బెత్తుగా ఉండేవి. యాభై ఏళ్ల తర్వాత ఆ పుస్తకం ఎవరి దగ్గరుంటుంది? ఇంకోటి, ఫ్యాక్టరీలో ఏ కారుకు ఏమేం బిగించాలో రాసిన కాగితం. పని అయ్యాక దాన్ని సీటు స్ప్రింగుల్లోనో పెట్రోలు ట్యాంకు మీదో దోపేసేవారు. 1960ల చివర నుంచి గేర్ బాక్సు ఒంటి మీదే కారు నంబరులో కొంత భాగం పొడవడం మొదలైంది. అది లేకపోతే పోత తేదీ చూడాలి. పెట్టె పోత పోసిన తేదీ కారు తయారీకి కొన్ని వారాల ముందుండాలి. ఒక్క రోజు వెనకున్నా అది ఆ కారుది కాదు. పంచాంగం చూసినంత సులువు, గ్రీజు గీకి చదవగలిగితే.

గేర్ బాక్సులే ఎందుకింతగా చేతులు మారతాయి? ఇంజన్ బాగుచేసేవాళ్లు ఊరూరా ఉంటారు. ఆటోమేటిక్ పెట్టె విప్పి, వందల ముక్కలు పరిచి, మళ్లీ కట్టగలిగేవాడు తక్కువ. కాబట్టి చెడిపోయింది ఇచ్చి, బాగుచేసి ఉంచిన ఇంకోటి తీసుకుపోవడం ఆనవాయితీ. గ్యాస్ సిలిండర్ మార్చుకున్నట్టు. ఏ కారు కడుపులోది ఏ కారు కడుపులోకి వెళ్లిందో ఆ వరుసలో ఎవరికీ గుర్తుండదు. గల్ఫ్ ఎండ దీనికి తోడు. 45 డిగ్రీల వేసవిలో ట్రాఫిక్‌లో నిలబడితే పెట్టెలో నూనె మాడుతుంది, రబ్బరు సీళ్లు గాజులా బిరుసెక్కుతాయి. ఎర్రగా ఉండాల్సిన నూనె కాఫీ రంగులోకి మారి కాలిన వాసన కొట్టిందంటే లోపల ప్లేట్లు అరిగిపోయినట్టే.

ఆ నూనెదీ ఒక కథ. 1970ల తొలి ఏళ్ల దాకా దానిలో స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. క్లచ్ ప్లేట్లు జారకుండా, కుదుపు లేకుండా పట్టుకోవడానికి అంత బాగా పనికొచ్చేది ఇంకోటి దొరకలేదు. అమెరికా తిమింగలం నూనెను నిషేధించాక బదులు వెతుక్కోవడానికి కంపెనీలు చాలా తంటాలు పడ్డాయి, పెట్టెలు పాడయ్యాయి కూడా. ఈ ఇంపాలా కొత్తగా ఉన్నప్పుడు దాని కడుపులో సముద్రం ముక్క ఒకటి తిరుగుతుండేదన్నమాట.

అసలుదే మేలని నేను వాదించను. గల్ఫ్ మొత్తం మోజుపడిన షెవర్లే కప్రీస్‌నే చూడండి. 1970ల చివర్లో జనరల్ మోటార్స్ ఇంధనం పొదుపు చేయడానికి 200 అనే తేలిక పెట్టెను పెద్ద కార్లలోనూ బిగించింది. దాన్ని గుర్తుపట్టడం పిల్లలకు కూడా వచ్చు. 11 బోల్టులు, ఆయిల్ పాన్ మీద 'మెట్రిక్' అని ఉబ్బెత్తు అక్షరాలు. ఆ బరువుకు అది తట్టుకోలేదు. ఫిర్యాదులు వెల్లువెత్తి, 1983లో కంపెనీ ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీకొచ్చి, యజమానుల కేసులకు మధ్యవర్తిత్వం ఒప్పుకుంది. ఈలోపు చాలామంది 200 పీకి 350 పెట్టించుకున్నారు. అలాంటి కారు ఇవాళ పాత కార్ల పోటీకి వెళ్తే మార్కులు పోతాయి. కానీ ఆ నకలు పెట్టే లేకపోతే ఆ కారు ఇప్పటిదాకా ఉండేదే కాదు. ఎప్పుడో స్క్రాపుకు పోయేది. మార్కులు వేసేవాళ్లకు ఈ గడి ఎక్కడా ఉండదు.

దోహాకు పడమర అల్ సమ్రియాలో షేక్ ఫైసల్ మ్యూజియంలో పాత కార్లు బారులు తీరి ఉంటాయి. 1998లో తెరిచారు. అక్కడ బానెట్లు మెరుస్తుంటాయి, సీట్లు మెరుస్తుంటాయి, జనం ఫోటోలు దిగుతుంటారు. కింద వంగి చూసేవాళ్లు నాకు కనబడలేదు.

ఇంపాలా యజమాని మధ్యాహ్నం నమాజు తర్వాత వచ్చాడు. పెద్దాయన అరబ్బీ, హిందీ కలిపి మెల్లగా విషయం చెప్పాడు. సూది చూపించాడు, కింద మూల చూపించాడు. "అస్లీ లా?" అన్నాడు యజమాని. లా, కాదు, అన్నాడు మనవాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత యజమానే వెనక సీటు విప్పమన్నాడు. కాగితం ఉంటుందేమోనని ఆశ. సీటు కింద ఖర్జూర గింజలు, ఇసుక, స్ప్రింగుకు అంటుకుని బొటనవేలంత కాగితం ముక్క. వేలు తగలగానే పొడి అయింది. ఏమైనా రాసి ఉందో లేదో చూసే సమయం కూడా ఇవ్వలేదది.

"అర్బాతాష్" అని వేళ్లు చూపించి, పద్నాలుగు బోల్టుల పెట్టె ఎక్కడైనా దొరికితే చెప్పమని యజమాని వెళ్లిపోయాడు. దొరికేదాకా ఇదే నడవాలి. ఆయన వెళ్లాక పెద్దాయన ఒక అట్టపెట్టె మూత చింపి, పాన్ ఆకారంలో గీత గీసుకున్నాడు. ఒక మూల కోశాడు. బోల్టులు ఒక్కొక్కటే విప్పి, ఏ రంధ్రంలోది ఆ చోటులోనే అట్టకు గుచ్చుకుంటూ పోయాడు. మూల దగ్గరిది కొంచెం కొత్తగా మెరుస్తోంది, దాని తల మిగతావాటికన్నా చిన్నది. దాన్ని వెలుతురులోకి తిప్పి చూసి, "గిదైతే ఈ డబ్బాది సుత కాదు" అన్నాడు.